ఎక్స్ ఎక్కడ మారింది?

మంగళవారం పొద్దున ఏడున్నరకు ఛాయాదేవి ఇన్‌స్టిట్యూట్ మెట్లెక్కబోతుంటే, సమద్ స్టూలెక్కి ఫ్లెక్సీలో ఉన్న ముఖానికి తెల్లకాగితం అంటిస్తున్నాడు. ఆ ముఖం వంశీకృష్ణ సారుది. కింద ఉన్న అక్షరాలను మాత్రం ఏమీ చెయ్యలేదు. 'స్కాలా. ఫంక్షనల్ ప్రోగ్రామింగ్. ఉచిత డెమో సోమవారం 7.30కి.'

"ఏమైంది సమద్ భాయ్?"

"సార్ పోయిండు మేడమ్. ఎదురుంగున్న ఇన్‌స్టిట్యూట్ల చేరిండు. కొత్త జావా బ్యాచ్ సుత తీస్కపోయిండు." సమద్ నోట్లోని టేపు ముక్క తీసి కాగితం నాలుగో మూల అంటించాడు. ఆ ఇన్‌స్టిట్యూట్‌లో అడ్మిషన్లు, జనరేటరు, తాళాలు అన్నీ అతని చేతిమీదుగానే నడుస్తాయి. "పెద్దసార్ మిమ్మల్ని రమ్మన్నడు. జర జల్దీ పోండ్రి, గరమ్ మీదున్నడు."

అమీర్‌పేట మైత్రీవనం వెనక సందులో ఇన్‌స్టిట్యూట్‌లు కంప్యూటర్ల కన్నా ఎక్కువున్న రోజులవి. మెట్రో స్తంభాలు లేచాయి గానీ రైలు ఇంకా రాలేదు. ఆ ఏడు బిగ్ డేటా గాలి వీచింది. గాలితోపాటు స్కాలా వచ్చిపడింది. నిన్నటిదాకా జావా అన్న నోళ్ళన్నీ ఫంక్షనల్, ఫంక్షనల్ అంటున్నాయి. అదేమిటని అడిగితే మాత్రం చాలామంది టీ చల్లారిపోతోందని గ్లాసు ఎత్తేవాళ్ళు.

యజమాని కృష్ణమోహన్ కుర్చీలో వెనక్కి వాలి లేడు, అంచున కూర్చున్నాడు. అదే ప్రమాద సూచన.

"ఛాయాదేవి గారూ, సోమవారం డెమో మీరే చెప్పాలండీ."

ఆవిడ వెంటనే కూర్చోలేదు. పదకొండేళ్ళుగా ఆవిడ ఇక్కడ ల్యాబ్ మేడమ్. క్లాసు సారు చెప్తాడు, పిల్లలు ల్యాబ్‌కి వచ్చి తప్పులు చేస్తారు, ఆ తప్పులు ఆవిడ దిద్దుతుంది. తనకో క్లాసు ఇవ్వమని రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ ఆయన ఒకటే మాటన్నాడు: "రియల్ టైమ్ లేనిదే ఎవరు కూర్చుంటారండీ?" అంటే కంపెనీలో నిజంగా పనిచేసి వచ్చిన అనుభవం. అమీర్‌పేటలో ఏ డెమోలోనైనా లేచే మొదటి ప్రశ్న అదే.

"నాకు స్కాలా రాదు సార్."

"ఎవరికి వచ్చు గనక? ఆరు రోజులుంది. జావా వచ్చినవాళ్ళకి అదెంతసేపు?" ఆయన గొంతు తగ్గించాడు. "ముప్పై మంది చేరారా, బ్యాచ్ మీది. చేరలేదా, ఇక క్లాసు మాట మళ్ళీ ఎత్తకండి. బోర్డు మీద మాత్రం ఎనిమిదేళ్ళ రియల్ టైమ్ అని రాయిస్తున్నాను. బెంగళూరులో బ్యాంకు ప్రాజెక్టు. ఎవరైనా అడిగితే అదే చెప్పండి."

బెంగళూరు ఆవిడ ఒక్కసారి వెళ్ళింది, ఆడపడుచు సీమంతానికి. ఆ మాట అందామనుకుంది. కానీ 'బ్యాచ్ మీది' అన్న మాట అప్పటికే చెవుల్లో దూరి గంట కొడుతోంది. సరేనంది.

బుధవారం పొద్దున జిరాక్స్ షాపు నుంచి స్కాలా నోట్సు తెచ్చుకుంది. ఎవరో రాసినదానికి జిరాక్స్, దానికి జిరాక్స్. సగం అక్షరాలు దోమల్లా ఉన్నాయి. ల్యాబ్‌లో పిల్లలు రాకముందే మొదటి సిస్టమ్ ముందు కూర్చుని కొట్టడం మొదలుపెట్టింది. వాల్ టోటల్ ఈజ్ ఈక్వల్ టు జీరో. తర్వాత లైన్లో ఆ టోటల్‌కి ఐదు కలిపింది. ఎర్రగా ఎర్రర్ వచ్చింది. వాల్‌కి విలువ మళ్ళీ ఇవ్వకూడదట.

స్పెల్లింగు చూసుకుంది. సిస్టమ్ ఆపి మళ్ళీ ఆన్ చేసింది. పక్క సిస్టమ్‌కి మారింది. అక్కడా అదే ఎర్రర్. నోట్సు తిప్పితే ఇంకో పేజీలో వార్ అనే మాట కనిపించింది, దాని విలువ ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చట. వాల్ తీసేసి వార్ పెట్టింది. ఠక్కున పనిచేసింది.

ఇంకేముంది! మధ్యాహ్నం రెండయ్యేసరికి జావాలో తనకు కంఠతా వచ్చిన పది ప్రోగ్రాములు వార్‌లు, చేసిన పనే మళ్ళీ మళ్ళీ చేయించే లూపులు పెట్టి స్కాలాలోకి దించేసింది. అన్నీ నడిచాయి. ఇంతేనా, ఇంతమాత్రానికా ఊరంతా ఊగిపోతోంది అనుకుంది. జావాకి చొక్కా మార్చి ఎదురుగా నిలబెట్టినట్టుంది. జావా తెలిసినవాళ్ళు మాత్రమే చెయ్యగలిగిన తప్పు అది. ఏమీ తెలియనివాళ్ళకి ఆ తప్పు చేసే యోగ్యత కూడా ఉండదు.

గురువారం ల్యాబ్‌లో ఎప్పటిలాగే వరుసల మధ్య తిరుగుతోంది. ఆవిడ పద్ధతి ఒకటే. పిల్లల భుజం మీదుగా వంగి, తెర మీద వేలు పెట్టి, "ఎక్స్ ఎక్కడ మారింది?" అంటుంది. ప్రోగ్రాములో తప్పంటే నూటికి తొంభై సార్లు ఎవరో ఎక్కడో ఒక విలువని మార్చేసి మరిచిపోవడమే. ఆ చోటు ఆవిడ వేలికి తెలుసు. అందుకే పిల్లలకి ఆ వేలంటే భయమూ, భక్తీ.

చివరి వరుసలో అఫ్షీన్ కూర్చుంటుంది. యూసుఫ్‌గూడ నుంచి షేర్ ఆటోలో వస్తుంది, బీఎస్సీ మ్యాథ్స్. నాలుగు నెలల నుంచి జావా నేర్చుకుంటోంది, రావడం లేదు. ల్యాబ్ రిజిస్టరులో ఆ పేరు పక్కన ఎర్రసిరాతో 'వీక్' అని ఉంది. రాసింది ఛాయాదేవే. ఆ గుర్తున్నవాళ్ళని ఇంటర్వ్యూలకి పంపరు. రెండు ఇంటర్వ్యూలు వచ్చాయి, వెళ్ళాయి. అఫ్షీన్ తన కుర్చీలోనే ఉంది.

ఆ రోజు అందరూ వెళ్ళాక ఛాయాదేవి స్కాలా తెరిచింది. వెనక అలికిడైంది.

"మేడమ్, నోట్సుల వాల్ అని ఉన్నది కదా. మీరు వార్ అని ఎందుకు పెట్టిన్రు?" అఫ్షీన్ బ్యాగు భుజాన వేసుకుని నిలబడి ఉంది.

"వాల్ పెడితే మార్చనివ్వట్లేదమ్మా."

"మార్చుడెందుకు మేడమ్?"

ఛాయాదేవికి నవ్వొచ్చింది. "మార్చకపోతే మొత్తం ఎలా కూడతాం? ఎక్స్‌కి ఒకటి కలిపి మళ్ళీ ఎక్స్‌లోనే పెడతాం కదా!"

"గదే నాకు జావాల సమజ్ కాలే." అఫ్షీన్ ఒక్కసారిగా బ్యాగు కింద పెట్టేసింది. ఇన్నాళ్ళూ నోరు మెదపని పిల్ల మాటలు తోసుకొచ్చాయి. "ఎక్స్ ఎట్లయితది మేడమ్, ఎక్స్ ప్లస్ వన్? మా కాలేజీల గట్ల రాస్తే సున్నా ఏస్తుండె. ఎక్స్ అంటే ఎక్సే. ఐదంటే ఐదే. మొదటి రోజే మిమ్మల్ని అడిగిన. మీరు, గవన్నీ అడగకు, రాసుకో అన్నరు."

నిజమే, అన్నది. ఛాయాదేవికి గుర్తొచ్చింది. అలా అడిగినందుకే కదా 'వీక్' అని రాసింది.

"మరి మార్చకుండా నువ్వెలా కూడతావు?"

అఫ్షీన్ జిరాక్స్ కాగితం వెనక్కి తిప్పి మూడు అంకెలు రాసింది. ఏడు, రెండు, తొమ్మిది. "మొత్తం అంటే, మొదటిది కలుపు మిగిలినదాని మొత్తం. ఏడు కలుపు ఈ రెండిటి మొత్తం. ఈ రెండిటి మొత్తం అంటే, రెండు కలుపు గీ ఒక్కదాని మొత్తం. దీని మొత్తం అంటే, తొమ్మిది కలుపు ఖాళీ మొత్తం. ఖాళీది సున్నా. అంతే, అయిపాయె."

"ఇది ప్రోగ్రాము అవుతుందా?"

"ఏమో మేడమ్. నోట్సుల రికర్షన్ అని ఉన్నది, గిట్లనే అనిపిస్తున్నది."

కొట్టారు. రెండే లైన్లు. పద్దెనిమిది వచ్చింది. ఛాయాదేవి అలవాటుగా తెర మీద వేలు పెట్టింది. "ఇందులో ఎక్స్ ఎక్కడ మారింది?"

"మారలే మేడమ్."

వేలు మొదటి లైను మీద నడిచింది, రెండో లైను మీద నడిచింది, మళ్ళీ మొదటికొచ్చింది. పదకొండేళ్ళలో మొదటిసారి ఆ వేలికి ఆగే చోటు దొరకలేదు. ఆవిడకి సిగ్గు వేసింది, చిన్న సిగ్గు కాదు. ఈ పిల్లకి ప్రోగ్రామింగ్ రాదని తను తీర్పిచ్చింది. వచ్చినదాన్ని పట్టుకుని రాలేదంది. బీరువాలోంచి రిజిస్టరు తీసి ఆ ఎర్రమాటని అడ్డంగా కొట్టేసి, పక్కన సంతకం పెట్టింది. అఫ్షీన్ అది చూసింది. కాసేపు కిటికీ వైపు తిరిగి నిలబడింది.

అయినా ఛాయాదేవికి పూర్తిగా ఎక్కలేదు. అర్థమైనట్టే ఉంది, ఇంటికెళ్ళేలోపు జారిపోతోంది. అది ఎక్కింది శుక్రవారం పొద్దున, పంజాగుట్టలో వాళ్ళ వంటింట్లో, ఇడ్లీ రేకులు పొయ్యి మీదుండగా.

కూతురు ధాత్రి ప్రోగ్రెస్ రిపోర్టు తెచ్చింది. మార్కులు ఇరవై ఐదుకి వేశారు. "నాన్నకి వందకి ఎంతో చెప్పాలట, లెక్క కట్టిపెట్టమ్మా" అంది. ఛాయాదేవి పెన్ను తీసి పద్దెనిమిది కొట్టేసి డెబ్భై రెండు వెయ్యబోయింది. పిల్ల గబుక్కున చెయ్యి పట్టుకుంది.

"కొట్టెయ్యకమ్మా! టీచర్ సంతకం ఉంది దాని మీద. పక్కన రాయి."

పక్కన రాసింది. పద్దెనిమిది పక్కన డెబ్భై రెండు. ఇరవై పక్కన ఎనభై. ఒక్కొక్కటీ నాలుగుతో హెచ్చించి, ఐదు సబ్జెక్టులవీ పక్కన కొత్త వరుసగా. పాత వరుస పాతదిలాగే ఉంది, సంతకంతో సహా. పెన్ను గాలిలో ఆగిపోయింది. మ్యాప్ అంటే ఇదా! నోట్సులో రెండు పేజీలు బుర్ర తిన్నది ఇదేనా! ఉన్న వరుసని ముట్టుకోకుండా, ఒకే పని అన్నింటికీ చేసి కొత్త వరుస ఇవ్వడం. పాతదాన్ని ఎవరూ పాడుచెయ్యలేదు కాబట్టి ఎక్కడ పాడైందో వెతికే పనే లేదు.

"అమ్మా, ఇడ్లీ మాడుతోంది."

"మాడనీ!" అని ఛాయాదేవి పిల్ల బుగ్గలు రెండూ పట్టుకుని ఊపేసింది.

ఆ రోజు ఆటో ఎక్కలేదు, కూర్చుని ఉండడం ఆవిడ వల్లకాలేదు. పంజాగుట్ట నుంచి మెట్రో గుంతలు, రేకుల అడ్డుగోడలు దాటుకుంటూ నడిచే వచ్చింది. దారిపొడుగునా కనిపించినదానికల్లా మ్యాప్ చేసింది. బస్‌స్టాపులో నిలబడ్డ వాళ్ళ వరుస, వాళ్ళ చేతుల్లోని టిఫిన్ డబ్బాల వరుస. డబ్బా లేనివాళ్ళని తీసేస్తే అది ఫిల్టర్. ముప్పై ఎనిమిదేళ్ళ ఆడమనిషి రోడ్డు మీద తనలో తాను నవ్వుకుంటూ పోతుంటే జనం చూడరూ! చూశారు. చూడనీ అనుకుంది.

శని, ఆదివారాలు ఇద్దరూ ల్యాబ్‌లోనే ఉన్నారు. ఛాయాదేవికి లూపు రాయాలని చెయ్యి లాగేది. లాగినప్పుడల్లా అఫ్షీన్, "మేడమ్, మళ్ళ వార్!" అనేది. అఫ్షీన్ కామాలూ బ్రాకెట్లూ మింగేస్తే ఛాయాదేవి కక్కించేది. ఒక మనిషికి ఆలోచన, ఇంకో మనిషికి వేలు. ఆదివారం సమద్ బిర్యానీ తెప్పించి, "గిదేం చదువు మేడమ్, నవ్వుకుంట చదువుతున్నరు" అని ఆశ్చర్యపోయాడు.

కృష్ణమోహన్ ఒక్కసారి తలుపు దగ్గర నిలబడి వెళ్ళాడు. "బెంగళూరు, బ్యాంకు, ఎనిమిదేళ్ళు. మరిచిపోరుగా?" అన్నాడు. ఛాయాదేవి తలూపింది. అఫ్షీన్ కీబోర్డు వైపే చూస్తోంది. ఆ ఒక్క నిమిషం మాత్రం గదిలో నవ్వు లేదు.

సోమవారం హాలు నిండిపోయింది. అరవై మందికి పైనే. వెనక గోడకి ఆనుకుని కృష్ణమోహన్ చేతులు కట్టుకున్నాడు. కొత్త ఫ్లెక్సీ మీద 'ఎనిమిదేళ్ళ రియల్ టైమ్' అని ఎర్రక్షరాలు. ఛాయాదేవి ప్రొజెక్టర్ వెయ్యలేదు.

"ముందు రెండు వరుసలవాళ్ళు చెప్పండి. ఈ నెలలో మీరు ఎన్ని డెమోలకి వెళ్ళారు?"

హాలు గొల్లుమంది. మూడు రోజులు ఉచితం కాబట్టి ఒక ఇన్‌స్టిట్యూట్‌లో మూడు, ఇంకో దాంట్లో మూడు వింటూ కోర్సు సగం డెమోల్లోనే లాగించే మొనగాళ్ళు అమీర్‌పేటలో కొల్లలు.

"సిగ్గుపడకండి. మొదటివాళ్ళు తమ అంకె పక్కవాళ్ళ చెవిలో చెప్పండి. వాళ్ళు తమది కలిపి పక్కకి చెప్పండి. కాగితం, పెన్ను వద్దు."

పన్నెండు మంది. గుసగుస వరుస చివరికి వెళ్ళి, వెనక వరుసకి తిరిగి, ఆఖరివాడి నోట్లోంచి వచ్చింది. "నలభై మూడు మేడమ్!" ఆవిడ బోర్డు మీద 43 వేసింది.

"మేడమ్!" మూడో కుర్చీలో కళ్ళజోడు కుర్రాడు లేచాడు. "నాది నాలుగు కాదు మేడమ్, ఐదు. ఇప్పుడు కూర్చున్నది కూడా డెమోనే కదా!"

"అట్లయితే మాది సుత ఒకటి పెరగాలె" అన్నారు పక్కన. "నేను నాది మార్చేశాను!" అంది వెనక ఒకమ్మాయి. వద్దని ఇంకొకరు. పన్నెండు మందీ ఒకేసారి మాట్లాడారు.

"ఇప్పుడు నలభై మూడు తప్పా, ఒప్పా?" అంది ఛాయాదేవి.

ఎవరికీ తెలియలేదు.

"ఎవరో మధ్యలో తన అంకె మార్చారు. ఎవరో మార్చలేదు. పన్నెండు మందిలోనే ఇంత గొడవ. పన్నెండు వేల లైన్ల ప్రోగ్రాములో ఏమవుతుంది? పదకొండేళ్ళుగా ల్యాబ్‌లో నేను వెతికేది దీన్నే. ఇప్పుడొక నియమం పెడదాం. ఒకసారి చెప్పిన అంకె మారదు. పాత వరుస నలభై మూడుగానే ఉంటుంది, చెరపను. ఇవాళ్టిది కలపాలా? ప్రతి ఒక్కరూ ఇందాక చెప్పినదానికి ఒకటి కలిపి కొత్త అంకె అనుకోండి. పక్కకి చెప్పండి."

గుసగుస మళ్ళీ నడిచింది. "యాభై ఐదు!"

43 పక్కన 55 వేసింది. "ఎవరి పాత అంకైనా పోయిందా?"

"లేదు!"

"మొత్తం ఎక్కడైనా దాచి, చెరిపి, మళ్ళీ రాశామా?"

"లేదు మేడమ్!"

"ఇప్పుడు చేసినవి రెండు పనులు. ప్రతి అంకెకీ ఒకటి కలపడం మ్యాప్. చెవిలో చెప్పుకుంటూ పోయింది ఫోల్డ్. మీరు ఫంక్షనల్ ప్రోగ్రామింగ్ మొదలుపెట్టేశారు. ఇక కంప్యూటర్‌కి చెప్పడమే మిగిలింది."

ఎవరో చప్పట్లు కొట్టారు. అప్పుడే నాలుగో వరుసలో గళ్ళచొక్కా యువకుడు చెయ్యెత్తాడు. "మేడమ్, పదకొండేళ్ళుగా ల్యాబ్ అన్నారు. బయట మాత్రం ఎనిమిదేళ్ళ రియల్ టైమ్ అని ఉంది. స్కాలాలో మీకు ఎంత ఎక్స్‌పీరియన్స్?"

హాలంతా ఆవిడ వైపు తిరిగింది. వెనక కృష్ణమోహన్ కట్టుకున్న చేతులు విప్పాడు. బెంగళూరు, బ్యాంకు, ఎనిమిదేళ్ళు, అన్నీ నాలుక మీదే ఉన్నాయి. చెప్తే అయిపోతుంది. చెప్పినది మాత్రం ఇక మారదు. దాన్ని నిలబెట్టడానికి రోజూ ఇంకో అబద్ధం కలుపుతూ పోవాలి.

"ఆరు రోజులు" అంది.

ఎవరో కిసుక్కుమన్నారు.

"బుధవారం మొదలుపెట్టాను. మొదటి రెండు రోజులూ తప్పుగా నేర్చుకున్నాను. జావాలాగే రాశాను. మీరూ అలాగే రాస్తారు. ఎక్కడ పడతారో నాకు తెలుసు, ఎందుకంటే పడ్డ దెబ్బ ఇంకా మానలేదు. నేను పడ్డప్పుడు లేపింది అదిగో, ఆ మూల నిలబడ్డ అమ్మాయి." అఫ్షీన్ గోడలోకి దూరిపోదామన్నట్టు వెనక్కి జరిగింది. "ఇంతే నా ఎక్స్‌పీరియన్స్. చాలదనుకుంటే వెళ్ళచ్చు."

పదకొండు మంది లేచి వెళ్ళారు. ఛాయాదేవి లెక్కపెట్టింది. గళ్ళచొక్కా వాళ్ళలో ఒకడు. మిగిలినవాళ్ళతో పాఠం పూర్తిచేసి బయటికి రాగానే కృష్ణమోహన్ ఎదురొచ్చాడు.

"మిమ్మల్ని ఎవరడిగారండీ నిజం చెప్పమని?"

"ఆ అబ్బాయి అడిగాడు సార్."

ఆయన లోపలికి పోయి తలుపేసుకున్నాడు. ఆ పూట ఛాయాదేవి టీ కూడా తాగలేకపోయింది. తను చెప్పింది తప్పని కాదు గానీ, పదకొండేళ్ళకి వచ్చిన క్లాసు ఒక్క మాటతో పోయిందేమోనని బెంగ.

మంగళవారం హాల్లో కుర్చీలు చాలలేదు. గళ్ళచొక్కా కుర్రాడు ముగ్గురు రూమ్మేట్లని వెంటేసుకుని వచ్చి ముందు వరుసలో కూర్చున్నాడు. "ఎదురుగా వంశీకృష్ణ సార్ డెమో కూడా విన్నాను మేడమ్. ఆయన వార్ పెట్టి, లూపు రాస్తున్నారు" అన్నాడు. ఛాయాదేవి నవ్వలేదు. గత బుధవారం తను చేసింది అదే.

బుధవారం మూడో డెమో అయ్యాక సమద్ లిస్టు పట్టుకుని మెట్లన్నీ పరుగున ఎక్కాడు. "ముప్పై నాలుగు మేడమ్! ఇంకా కింద నిలబడ్డరు!"

కృష్ణమోహన్ ఇప్పుడు కుర్చీలో హాయిగా వెనక్కి వాలాడు. "అసలు నేను మొదట్నుంచీ అంటూనే ఉన్నాను కదండీ, మీలో ఏదో ఉందని! బ్యాచ్ మీది. రేపట్నుంచే."

"ఒక్కదాన్నే చెప్పను సార్. రికర్షన్ వారం మొత్తం అఫ్షీన్ చెప్తుంది. బోర్డు మీద ఇద్దరి పేర్లూ ఉండాలి. జీతం కూడా ఇద్దరికీ."

తలుపు పక్కన నిలబడ్డ అఫ్షీన్ "మేడమ్, నేనా!" అంది, సగం గొంతుతో.

కృష్ణమోహన్ ముందుకొచ్చి కుర్చీ అంచున కూర్చున్నాడు. "జావా రాదని ఇంటర్వ్యూలకి పంపని పిల్ల కాదూ? ఆ అమ్మాయికి ఏం అనుభవం ఉందండీ?"

"నాకు శుక్రవారం అర్థమైంది సార్. ఆవిడకి గురువారమే అర్థమైంది" అంది ఛాయాదేవి. "నాకంటే ఒకరోజు సీనియర్."